ఎన్ని దిండ్లు

ఓటర్ల జాబితాలో ప్రతి పేరుకీ చివర ఒక గడి.
అందులో ఒకటి నుంచి ఐదు దాకా అంకె వెయ్యాలి.
ఒకటంటే మనవాళ్ళు.
ఐదంటే తలుపు మొహాన వేసినవాళ్ళు.
మూడంటే గోడమీది పిల్లులు.

అక్క ఇంటింటికీ తిరిగి వేసుకొచ్చిన అంకెల్ని
రాత్రిపూట నేను కంప్యూటర్‌కి ఎక్కిస్తాను.
జీతం లేదు. అమ్మ వండిన కచూపా ఉంది,
మొక్కజొన్నలు, చిక్కుళ్ళు, నిన్నటిదే మళ్ళీ వేయించి.

ఇదలీనా బర్రోస్, నర్సు.
న్యూ బెడ్‌ఫర్డ్‌లో పదిహేడేళ్ళ నైట్ డ్యూటీ.
ఇప్పుడు రాష్ట్ర శాసనసభకి అభ్యర్థి.
కరపత్రం మీద అంతే ఉంది.

కేప్ వెర్డ్ దీవిలో వాన ఎగ్గొట్టిన ఏడు తాత ఓడెక్కాడని లేదు.
వేర్‌హమ్ క్రాన్‌బెర్రీ మడుల్లో మోకాళ్ళ మీద పాకుతూ
చెక్క దువ్వెనతో తీగల్ని దువ్వాడని లేదు.
అమ్మ చేపల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు ముళ్ళు తీసి
ఇంటికొచ్చి నిమ్మచెక్కతో చేతులు రుద్దుకున్నా
అక్క జడలో ఆ వాసన బడి దాకా వెళ్ళేదని లేదు.

"అది రాయండి, ఓట్లు రాలతాయి," అన్నాడు
ప్రచారం చూసే కుర్రాడు బ్రెండన్.
"అమ్మ చేతులు అమ్మకానికి పెట్టను," అంది అక్క.
మా భాషలో అంది. నేను బ్రెండన్‌కి
"తర్వాత చూద్దామంటోంది" అని చెప్పాను.

ఆ శనివారం కారు నేనే నడిపాను.
డ్యూటీ దిగి నిద్రపోలేదు, తెల్ల బూట్లు మార్చలేదు,
కాళ్ళకి బలపం కట్టుకున్నట్టు పొద్దుటినుంచీ తిరుగుతోంది.
ఆ వీధి చివరింటి గడ్డిలో
అవతలి అభ్యర్థి వెదర్బీ బోర్డు, నీలంది, పెద్దది.
"ఇది వదిలెయ్," అన్నాను.
దిగింది.

లెస్టర్ మేకంబర్, డెబ్బై ఎనిమిది, అని ఉంది జాబితాలో.
తలుపు సగమే తీశాడు.
"మీదే ఊరు?"
"ఈ ఊరే."
"అసలు? అంటే, అసలు?"

అక్క జవాబు చెప్పలేదు.
ఆయన మొహం చూడటం మానేసి కిందికి చూస్తోంది.
సాక్సు అంచు కాలిలోకి దిగబడి ఉంది,
తడిపిండిలో దారం నొక్కినట్టు.
కుర్చీనుంచి గడప దాకా వచ్చినందుకే
మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు.

"రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటారు?"

పన్నుల గురించి అడిగినవాళ్ళని చూశాడు.
తుపాకుల గురించి, సరిహద్దుల గురించి అడిగినవాళ్ళని.
చాలాసేపు తలుపు పట్టుకునే నిలబడ్డాడు.
"మూడు," అన్నాడు. "వేసవిలో ఒకటే."
తర్వాత, ఎవరికో ఒప్పజెప్పినట్టు,
"కుర్చీలోనే నయం."

కరపత్రం వెనక ఏదో నంబరు రాసిచ్చింది.
సోమవారం దాకా ఆగొద్దంది. ఉప్పు గురించి ఏదో అంది.
ఓటు అడగడం మర్చేపోయింది.
కార్లో కూర్చుని, ఆయన పేరు చివర గడిలో
మూడు అని వేసి
కళ్ళు మూసుకుంది.

బ్రెండన్‌కి పండగ.
"వెదర్బీ బోర్డున్న ఇంట్లో గోడమీది పిల్లి! మళ్ళీ వెళ్ళండి!"

పది రోజులకి ఆ కాగితం మళ్ళీ నా చేతికొచ్చింది.
మూడు కొట్టేసి ఉంది.
పక్కన, అక్క రాత, ఒకటి.
ఎక్కడ కలిశావు? అన్నాను.
వార్డు మాటలు అక్క వార్డులోనే వదిలి వస్తుంది,
అమ్మక్కూడా చెప్పదు.
"ఎక్కించు," అంది, వంగి లేసు విప్పుకుంటూ.

ఎక్కించాను.
కంప్యూటర్ లెక్కలో లెస్టర్ మేకంబర్ ఇప్పుడు
మా పక్కా మనిషి.
దిద్దాలనిపించలేదు.

పోలింగు రోజు, నడవలేని ఒకామెని బూత్‌కి తీసుకెళ్తూ
ఆ వీధిలోంచే పోయాను.
గడ్డిమీద మంచు ఇంకా కరగలేదు.
వెదర్బీ బోర్డు అలాగే ఉంది, కాస్త ఒరిగి.
వరండా కటకటాల మీద
రెండు దిండ్లు
ఎండకి వేసి ఉన్నాయి.