చివరి బండి

ఈ క్లబ్బుల నా పని చివరన ఉండుడు.
ముందుండి దారి తీసేది జహంగీర్ భాయ్,
వెనకుండి లెక్క పెట్టేది నేను.
పది ఎర్ర లైట్లు. అంతే నా నౌకరి.
అసలు నౌకరి నీళ్ళ బోర్డుల,
ఏ గల్లీకి ఏ పూట నీళ్ళిడవాల్నో వాల్వ్ తిప్పుడు.
ఇయ్యాల పైన వాల్వ్ ఎవడు తిప్పిండో గని
బందు చేసుడు మర్చిండు.

మూడొద్దుల సంది సికింద్రాబాద్ మీద ముసురు.
తెల్లారగట్ల అయిదు. గడియార స్తంభం కింద
పదకొండు ఇంజన్లు దగ్గుతున్నయి.
సాక్సుల మీద పాల ప్యాకెట్లు తొడుక్కున్నోళ్ళం,
బనీను మీద నిన్నటి పేపరు మడత పెట్టి
జాకెట్ జిప్పు గుంజుకున్నోళ్ళం.
"వద్దనుకునేటోళ్ళు ఇప్పుడే చెప్పుండ్రి" అన్నడు భాయ్.
ఎవ్వరూ వద్దనలే. కావాలని కూడా అనలే.
బిక్షపతి మాత్రం తుమ్మిండు.
దాన్నే ఔనని లెక్కేసుకున్నం.

బోయిన్‌పల్లి మార్కెట్ కాడ రోడ్డు మీద టమాటాల గుజ్జు,
సుచిత్రల డీజిల్ మరక, రంగురంగుల పాము.
ముందు బండోడు ఎడమ కాలు చాపుతడు,
గుంత ఉన్నదని.
వాని వెనకోడు చాపుతడు, వాని వెనకోడు.
ఒక్క గుంత తొమ్మిది మంది కాళ్ళ మీదికెల్లి
నా దాంక నడిచొస్తది.
నా వెనక ఎవ్వరూ లేరు.
అయినా నేనూ చాపుత.

గండిమైసమ్మ దాటినంక చలి తన అసలు పేరు చెప్పింది.
హెల్మెట్ అద్దానికి లోపల నా ఊపిరి, బయట వాన,
ఎడమ బొటనవేలే వైపరు.
దుండిగల్‌ల విమానాలు నేర్చుకునే పోరగాళ్ళు
ముసుగు తన్ని పండుకున్నరు కావచ్చు.
రెక్కలున్నోళ్ళకు సెలవు,
చక్రాలున్నోళ్ళకు లేదు.

గుమ్మడిదల దాటంగనే ఒక ఎర్ర లైటు
వరుసల నుంచి జారి ఎడమకు ఒరిగింది.
ఫిలోమినా. లాలాగూడ ఆస్పత్రిల నర్సు.
రాత్రి డ్యూటీ దిగి, యూనిఫాం మీదనే రెయిన్‌కోటేసుకొని
మాతోని మొదటిసారి వచ్చింది.
ఆమె ఆపలే, బండే ఆగింది.
క్లచ్ పట్టిన వేళ్ళు పట్టినట్టే బిగుసుకున్నయి.
"అంకుల్, నా చెయ్యి నా మాట వింటలేదు" అన్నది,
పక్కింటి పిల్లగాని మీద ఫిర్యాదు చేసినట్టు.

ఒక్కొక్క వేలు విప్పిన, చిటికెన వేలు మొదలు.
ముసలోళ్ళ ఎండిన చేతుల్ల కూడా
నరం దొరకబట్టే వేళ్ళు.
నా ముప్పై ఏండ్ల బండి ఇంజన్ పక్కన పెట్టించిన.
గ్లవ్సుల నుంచి ఆవిరి లేచింది.
తడి ఉన్ని వాసన, మాడిన ఆయిల్ వాసన.
రోడ్డు పక్కన ఇద్దరం గొంతుకూసున్నం,
పొయ్యి కాడ లెక్క.
మైలురాయి మీద తడిసిన కోతి ఒకటి
పిల్లను పొట్టకు అదుముకొని
మా ఇంజన్ దిక్కు చూసింది.

ఫోను తడిసి చచ్చింది.
"వాళ్ళు పోయిన్రేమో" అన్నది ఆమె.
నేనేమనలే.
నాకూ అట్లనే అనిపిస్తున్నది.

నలభై నిమిషాలకు కదిలినం.
నర్సాపూర్ అడివి మొదలయ్యే మలుపుల
వానల నానుతున్న ఎరుపు.
ఒకటి. రెండు. తొమ్మిది.
పక్కనే చాయ్ డబ్బా. దానికి రేకుల చూరు.
చూరు కింద పొయ్యి మండుతున్నది, బెంచీ ఖాళీగున్నది.
తొమ్మిది మందీ వానలనే నిలబడ్డరు.
చూరు కింది నుంచి రోడ్డు కనబడదట.

గుర్మీత్ గడ్డం ధారకట్టింది.
జహంగీర్ భాయ్ మమ్మల్ని చూసి
"పది, పదకొండు" అని పైకే లెక్కపెట్టి,
తిట్టుదామని నోరు తెరిచి,
"చాయ్ చల్లారుతది, రాండ్రి" అన్నడు.
చాయ్ ఇంకా పొయ్యనే లేదు.

మెదక్ దాంక పోదామని ఎల్లినోళ్ళం. పోలే.
ఆ మలుపు కాడికెల్లే మర్లినం.

ఇంటికొచ్చి జాకెట్ విడిస్తే మా ఆమె ఒక్కటే నవ్వు.
పేపరు సిరా బనీను మీదికి దిగింది,
అక్షరాలన్నీ ఉల్టా.
నన్ను అద్దం ముంగట నిలబెట్టి
వేలు పెట్టి కూడబలుక్కుంట సదివింది:
తేలికపాటి జల్లులు
పడే అవకాశం.