ఎడమది

సాగర్ రోడ్డు మీద నా షాపు.
మిర్యాలగూడల మూడు గొట్టిందంటె
ఉప్పుడు బియ్యం వాసన రోడ్డెక్కుతది.
దాని ఎనకనే మిల్లు దిగినోళ్లు.
కనుబొమ్మల మీద ఊకతోని మట్టయ్య వచ్చిండు,
రుమాల్ల కట్టుకొచ్చిన తెల్ల డబ్బీ
బల్ల మీద ఇప్పిండు.
"దసరా బోనస్ అడిగితె సేటు గిదిచ్చిండు బిడ్డా.
కుడిది పాడుతది.
ఎడమది మూగది."

చిక్కుడు గింజలంత ఉన్నయి రెండు.
ఇత్తడి చుక్కల మీద చెమట పచ్చగ గట్టింది.
స్పిరిట్ల పుల్ల ముంచి గీకిన.
డబ్బీల పెట్టి మూత ఏసి తీసిన.
లైటొచ్చింది. ఎడమదానికి గూడ వచ్చింది.

బ్లూటూత్ తెరిస్తె
చుట్టుపక్కల పేర్లన్ని వరుసకొచ్చినయి:
చాయ్ హోటల్ స్పీకరు,
ఎవరిదో బొలెరో,
ఎరువుల దుకాణపాయన చేతి గడియారం,
పేరే లేక ఒట్టి అంకెలున్నదొకటి.
గోడలు దాటి నేనున్న నేనున్న అని
అన్నీ పిలుస్తనే ఉన్నయి,
ఒక్కటి గూడ చప్పుడు చేస్తలేదు.

పాత జతను "మర్చిపో" అని ఒత్తిన.
ఫోను మర్చిపోయింది,
గింత గూడ ఆలోచన చెయ్యకుంట.
రెండు గింజలు ఒక్కపారి ఒత్తిపట్టి
పది లెక్కబెట్టిన.
మట్టయ్య పెదవులు గూడ ఆడినయి.
ఒకటి అనలే, లాభం అన్నడు,
వడ్లు కొలిచెటోళ్ల లెక్క.

ఎర్రది నీలిది, ఎర్రది నీలిది
లైటు కొట్టుకున్నది.
జత అయిందని ఫోను చెప్పింది.
చెవులకు పెట్టి పాట పెడితె
ఆయన తల కుడి దిక్కుకు
కాటా ఒరిగినట్టు ఒరిగింది.
"ఎడమది లేదు బిడ్డా."

బ్యాలెన్సు గీత నడుమన్నే ఉన్నది.
అప్‌డేట్ ఎక్కిచ్చిన.
నా ఫోనుకు కలిపిన.
మళ్ల మర్చిపో, మళ్ల పది, మళ్ల లాభం.
నా సద్ది డబ్బ మూత తియ్యకుంటనే సల్లారింది.
ఆఖర్కి ఎడమదాన్ని అంగికి తుడిచి
నా చెవుల పెట్టుకున్న.

డప్పు.
నిండుగ, దగ్గరగ, డప్పు.
దాని సందుల
పాడెటామె ఊపిరి పీల్చిన చప్పుడు గూడ.

ఏమనాలె?
లేశి, ఆయనకు ఎడమ పక్కకు పోయి నిలబడి
"పెద్దయ్యా" అన్న.
బల్ల మీది ఫోన్నే సూస్తున్నడు.
ఇంకోపారి, జర గట్టిగ.
మూడోపారి పేరు పెట్టి పిలిచిన.
రోడ్డవతల చాయ్ పోసెటాయన
తిరిగి సూశిండు.

కుడికి వచ్చి అడిగిన, మిల్లుల ఎన్నేండ్లు అని.
"హల్లరు కాడ్నే ఇరవై ఆరు.
అది ఎప్పటికి నాకు ఎడమకే ఉంటది,
పట్టా దిక్కు నిలబడొద్దు గద..."
అని ఆగిండు.
చెయ్యి లేపి ఎడమ చెవి తమ్మెను
ఎవరిదో పట్టుకున్నట్టు పట్టుకున్నడు.
"అయితె డబ్బీ మంచిదేనా?"
"మంచిదే."

సెట్టింగులల్ల అడుగుకు, ఎవ్వరు దిగని కాడ
మోనో అని ఒక మీట ఉంటది.
రెండు దిక్కుల చప్పుడును ఒక్క దిక్కుకు తెస్తది.
తిప్పిన.
మట్టయ్య కండ్లు పెద్దగయినయి.
"గీ పాటల డప్పున్నదా?
నెల దినాలాయె ఇనవట్టి!"

పాట ఒడిసెదాక కూసున్నడు.
మళ్ల పెట్టమన్నడు.
యాభై నోటు బల్ల మీద పెట్టి,
దాని మీద ఎడమ గింజను పెట్టిండు, బరువు లెక్క.
"గిది నీ కాడుండని.
ఎవలన్న ఎడమ చెవి బాగున్నోళ్లొస్తె
ఇయ్యి."

షట్టరు దించెటప్పుడు సూశిన,
చీకట్ల బల్ల మీద
ఎర్రది నీలిది,
ఎర్రది నీలిది.