రెండో గడిలో రైము

"నీకు బాగా నచ్చిన ఐదు ఆటలు చెప్పక్కా"
అంటాడు జోసియెల్, తాడు విప్పుతూ,
పడవ ఇంకా రేవు వదలకముందే.

ఐదా?
బుట్టలో చెయ్యి పెట్టి ఐదు చేపలు తీసినట్టా?
సరే, వాన వచ్చేలోగా చెప్తాను.
బెలెంలో వాన మూడింటికల్లా
బాకీ వసూలుకొచ్చినవాడిలా గుమ్మంలో ఉంటుంది.

ప్రతి కొండా ఎక్కొచ్చు, ప్రతి తలుపూ తీయొచ్చు అని
దండోరా వేసే ఆటలు నాకొద్దు.
అంత పెద్ద లోకం నాకు బయటే ఉంది,
దానికి డీజిల్ కూడా నేనే పోస్తున్నాను.
వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చంటావు నువ్వు.
మూడు చుక్కల మొహం, అదీ పక్కకి తిరిగిన మొహం,
నన్ను భయపెట్టినంతగా
నీ వెంట్రుకలేవీ భయపెట్టలేదు.

రేసు ఆటల్లో ఒక్కటి మాత్రం మంచిది.
పచ్చజెండా ఊపాక కూడా కదలకుండా కూర్చుని
ఇంజను వినేదాన్ని.
చలికి ఎక్కడ దగ్గుతుందో, ఎక్కడ గొంతు సవరించుకుంటుందో
తెలిసినవాడెవడో చేశాడు దాన్ని.
ఎప్పుడూ ఆఖరే వచ్చాను. అయితే ఏం?

చేపలు పట్టే ఆట ఆడతానంటే నవ్వుతావు,
పగలంతా నదే, రాత్రి మళ్ళీ నదేనా అని.
నవ్వు. కానీ దాని తప్పు అది కాదు.
ఆ నీళ్ళకి ఆటుపోటుల్లేవు, జోసియెల్!
పొద్దున ఎక్కడున్నాయో సాయంత్రం అక్కడే.
నది మొహం చూడనివాడు నదిని గీస్తే ఇంతే.

ఇక 'ఉప్పు రాజ్యం'.
గ్వామాలో ఒస్మారినో కొట్టు, గంటకింతని ఆడనిచ్చేవాడు.
శనివారం అద్దెకిస్తే సోమవారం తిరిగివ్వాలి.
ఆ డబ్బాలో ఆట దాచుకోడానికి మూడు గడులు.
మొదటిది ఒస్మారినో కొడుకుది, ముట్టుకుంటే తంతాడు.
మూడోది పాడైంది.
రెండో గడిలో ఎవరో రైము.
రైముండోనో, రైముండానో!
నాలుగక్షరాలకి మించి పట్టేవి కావు.

చెరిపేసి నా పేరు రాసుకోవాలి. అందరూ అదే చేస్తారు.
తెరిచి చూస్తే గుహ ముందు ఆగి ఉన్నారు నలుగురు,
దీపంలో నూనె అడుగంటింది,
అయినా ఆ ముసలి వంటవాణ్ణి వదల్లేదు,
ఒక్క దెబ్బ కొట్టడం రానివాణ్ణి.
వదలనివాణ్ణి నేనెలా చెరుపుతాను?
కాస్త నూనె కొన్నాను. కాస్త ముందుకు నడిపాను. ఇచ్చేశాను.

పదిహేను రోజులకి మళ్ళీ నా చేతికొచ్చేసరికి
విల్లు పట్టిన పిల్లకి కొత్త డాలు.
నాకా పిల్లంటే ఇష్టమని ఎలా తెలిసిందో.
అందులో పడవకి పేరు పెట్టొచ్చు.
"ఓయ్" అని పెట్టి ఇచ్చాను.
తర్వాతి విడతకి పడవ పేరు "ఓయ్ఓయ్".

వానాకాలం అంతా అలాగే గడిచింది.
ఆఖరి తలుపు దాకా వచ్చాం.
ఆదివారం రాత్రి, అమ్మ తకకా గిన్నెలు కడుగుతోంది,
ఒక్క మీట నొక్కితే రాజ్యం మాది.
నొక్కలేదు. పాపం, రైము చూడొద్దూ?
మళ్ళీ తెరిస్తే
నలుగురూ మొదటి ఊళ్ళో ఉన్నారు, బావి పక్కన.
ఉన్న బంగారమంతా పెట్టి
తొంభైతొమ్మిది రొట్టెలు కొని పెట్టారు.

తర్వాత డిస్కులొచ్చాయి.
ఒస్మారినో డబ్బాలన్నీ తూకానికి అమ్మేశాడు.
లోపల గోరంత బ్యాటరీ ఉంటుంది,
అది చస్తే అన్నీ పోతాయంటారు.
రొట్టెలు కూడానా అని అడగబోయి ఊరుకున్నాను.

ముగింపు ఎలా ఉంటుందంటావా? చూడలేదు.
చూపిస్తానని ఫోను తీయకు, నీళ్ళలో పారేస్తాను.
రైముండాలా? ఈ నది పొడవునా ఉన్నారు,
రోజుకి ముగ్గురు నా పడవే ఎక్కుతారు.
ఎవర్నని అడగను?

అదిగో, చినుకు.
టార్పాలిన్ దించు.
ఆ వెనక ఎర్రగొడుగావిడ టికెట్టు డబ్బులివ్వలేదు, చూశావా?
వెళ్ళు. పేరేంటో కూడా అడుగు,
ఊరికే.