విశేషాలు అనే గడి

లాకుల పుస్తకంలో ఆరు గళ్లు.
తేదీ, వేళ, ఎగువ మట్టం, దిగువ మట్టం, ఎత్తిన తలుపులు,
అన్నిటికీ చివర, బొటనవేలు పట్టేంత, విశేషాలు.
ముప్పై ఒక్కేళ్లుగా ఆ ఆరో గడిలో
"ఏమీ లేవు" అనే రాస్తున్నాను,
శవం వచ్చి తలుపుకి ఆనుకున్న రోజుల్లో తప్ప.

పోయిన ఏప్రిల్లో బందరు కాలువ కట్టేశారు.
ఎనమలకుదురు లాకుల కింద బురద
కాగిన పాల మీద తొరకలా ఆరింది.
తెల్లారి చూస్తే ఆ తొరక మీద అడుగులు,
కాలువ నడిమధ్యన, తిన్నగా,
బందరు వైపు నుంచి బెజవాడ వైపుకి.
కుక్కవి కావు. పిల్లివే,
గోళ్లు పూర్తిగా దాచుకోవడం చేతకాని పిల్లివి.

సామ్రాజ్యం చేపల గంప దించి, వంగి చూసి
"బావురు పిల్లి, లస్కరయ్యా" అంది.
"లంకలో మా అమ్మ మావు పెడితే
జెల్లల్ని తినేసి ముళ్లు మాకొదిలేది."
తిట్టినట్టు లేదు.
పాత బాకీదారు ఊసెత్తినట్టుంది.

నీళ్లు లేని నెల మాకు సెలవు.
దానికి అదే రోడ్డు.

తర్వాత ఒక్కసారి చూశాను.
రాత్రి రెండున్నర, కరకట్ట కింద తూము మూతి దగ్గర.
బూడిద రంగు ఒంటి మీద నల్ల చుక్కల వరసలు, పొట్టి తోక.
మెడదాకా నీళ్లలో ముంచి తల ఎత్తితే
నోట్లో మట్టగిడస ఇంకా కొట్టుకుంటోంది.
టార్చి ఆర్పేశాను.
కొన్నిటి మీద వెలుతురు వెయ్యడం కూడా
చాడీ చెప్పడమే.

అపార్టుమెంటు కెమెరాకి ఆ సంగతి తెలీదు.
పొద్దున్నకి ఫోన్లలో చిరుత.
మధ్యాహ్నానికి రెండు చిరుతలు.
సాయంత్రానికి కర్రలతో నలభై మంది,
రెల్లుకి నిప్పెట్టమన్నవాడొకడు.
"చిరుత కాదురా, చేపలు తినే పిల్లి" అంటే
"పిల్లి ఎదురొస్తే మాత్రం మంచిదా" అని నవ్వారు.

పిల్లి ఎదురొస్తే మనం ఆగుతాం.
గుమ్మంలోకి తిరిగొచ్చి, కాసిని మంచినీళ్లు తాగి
మళ్లీ బయల్దేరతాం.
ఇటు లంక, అటు చేపల చెరువులు,
మధ్యలో కరకట్ట, దాని మీద తారు,
తారు మీద రాత్రంతా ఇసుక లారీలు.
దానికి ఎదురొచ్చింది మనం.
వెనక్కెళ్లి ఏ గుమ్మంలో కూచుంటుంది?

జూన్లో ఒకటి కట్ట మీద పడుంది. ఆడది.
కాళ్లు ఇంకా తడిగా ఉన్నాయి.
సామ్రాజ్యం పాత చీరముక్క తెచ్చింది.
గొయ్యి నేను తవ్వాను.

ఆగస్టులో ఆర్డరొచ్చింది, తూముకి జాలీ బిగించమని.
చెత్త పోకుండా, ఊచకీ ఊచకీ నాలుగు వేళ్ల ఎడం.
ఏఈ ప్రణీత్ గారు కుర్రాడు, మంచివాడే.
"దాంట్లోంచి ఒక ప్రాణి తిరుగుతుంది సార్" అన్నాను.
"ఎస్టిమేట్లో లేదు కదండీ" అన్నాడు,
నిజంగానే బాధపడి.

శుక్రవారం బిగించారు.
శనివారం రాత్రి నడుం లోతు నీళ్లలో నేను,
రెండు హాక్సా బ్లేళ్లు.
ఒకటి విరిగింది.
ఎంత కొయ్యాలో తెలీక
గోతిలో పెట్టేటప్పుడు దాని భుజాలు
నా చేతుల మధ్య ఎంతున్నాయో గుర్తుతెచ్చుకున్నాను.
జానెడు. పైన నాలుగు వేళ్లు కలిపి కోశాను.

పుస్తకంలో ఆ తేదీ ఎదురుగా ఉంది చూడండి:
"తూము జాలీకి కుడివైపు, అడుగున,
రెండు ఊచలు తుప్పు పట్టి ఊడిపోయినవి."
నిన్నటి ఇనుముకి ఇవాళ తుప్పేమిటని
ఎవరూ అడగలేదు.
ఆ గడి చదివేవాళ్లు లేరని
ముప్పై ఒక్కేళ్లకి మొదటిసారి సంతోషించాను.

మూడోరోజు సామ్రాజ్యం
తూము అవతల గట్టు నుంచి ఏరుకొచ్చిందట,
తడి ఆరని జెల్ల ముల్లొకటి
బల్ల మీద, పుస్తకం పక్కన పెట్టి
గంప ఎత్తమంది.