పద్నాలుగో ప్రశ్న

గుంటూరు మిర్చియార్డులో
తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ
పీహెచ్‌డీ ఫారాలు నింపేవాడు పరాంకుశం సారు.
టిక్కీల లెక్క నేను చెప్పేవాణ్ణి.

తొడిమలు తీసే సామ్రాజ్యాన్ని
పద్నాలుగో ప్రశ్న అడిగాడు:
ఖర్చులు పోను నెలకెంత మిగులుతుంది?
ఆమె పకపకా నవ్వి, మండే వేళ్లు
మజ్జిగ ముంతలో ముంచింది.
ఆ గడి ఖాళీగా వదిలేశాడు.
సున్నా రాయడానికి చెయ్యి రాలేదన్నాడు
బ్రాడీపేట బండి దగ్గర, టీ చల్లారాక.

ఇవాళ ఆర్థికమంత్రి.
క్యాంటీన్ టీవీలో బడ్జెట్ చదువుతున్నాడు,
గంటన్నర, ఒక్క తుమ్మూ లేదు.
రెవెన్యూ లోటు దగ్గర మాత్రం ఆగి
మంచినీళ్లు తాగాడు.

లోటంటే ఏంది బాబాయ్, అంది
సామ్రాజ్యం కూతురు, వేళ్లు ఊదుకుంటూ.

మీ అమ్మ నవ్విన చోటు, అన్నాను.