రెండు బందర్లు

ఈ రోడ్డు ఎక్కడికి పోతుందో దీని పేరే చెబుతుంది.
ఇరవై రెండేళ్ళుగా దీని పక్కసందులో మిషను తొక్కుతున్నాను.
"బందరు రోడ్డులో దిగి, మందులషాపు పక్కనించి లోపలికి రండమ్మా"
ఫోనులో ఎందరికి చెప్పానో లెక్కలేదు.
బోర్డు మీద వేరే పేరుంది గానీ
ఆ పేరు చెబితే ఆటోవాడు మనల్ని
పొరుగూరి వాళ్ళనుకుని ఇరవై ఎక్కువడుగుతాడు.

బందరు మాత్రం చూడలేదు.
డెబ్భై కిలోమీటర్లు.
ఆడపడుచు పురుటికి నాగపూరు దాకా వెళ్ళొచ్చాను.

మొదట ఖాసింబీయే అంది, కాజాలు కుడుతూ:
"అక్కా, ఒక ఆదివారం పోదాం.
బందర్ అంటే రేవంట. మావాడు కోతి అంటాడు.
రెంట్లో ఏదో ఒకటి కనపడకపోదు."
ఆమె ఒళ్ళో పెడన నించి వచ్చిన తాను,
కరక్కాయ వాసన ఇంకా వదల్లేదు.

కొలతల పుస్తకం చివరి పేజీలో రాశాం.
పైన ఎవరిదో జాకెట్టు: ఛాతీ ముప్ఫై ఆరు, చేయి తొమ్మిదిన్నర.
కింద: ఐదు నలభై బస్సు.
రైలైతే గుడివాడ చుట్టు తిరగాలి,
బస్సైతే ఉయ్యూరు దగ్గర చెరుకు మడ్డి వాసన, ఆమెకు వాంతులు.
నిమ్మకాయ, అని రాశాం.
తొక్కుడు లడ్డు అరకిలో. కాదు, కిలో.
మంగినపూడిలో ఇసుక కాదంట, నల్లమట్టి,
పాత చీరలు కట్టుకోవాలి.
చిలకలపూడి గాజులు, ఆమె కోడలికి చెప్పకుండా.

వలందపాలెం నేను రాయించాను.
వలందా దొరల గోరీలున్నాయంట.
"ఆదివారం పూట గోరీలేంటక్కా?"
"గుడ్డ కోసం వచ్చినోళ్ళే. మన తాన్లు ఓడలకెత్తడానికొచ్చి
ఈ మట్టిలోనే ఉండిపోయారు.
అంతమందిలో ఒక దర్జీ ఉండడా?"
ఖాసింబీ సూది ఆపి ఆలోచించింది.
"ఉంటే పాపం, వాడి రాయి చిన్నదై ఉంటుంది."

ఆ ఆదివారం పెళ్ళి ఆర్డరు.
తర్వాతది వాన.
మూడోది ఏమైందో గుర్తులేదు, ఏదో అయింది.
ఏప్రిల్లో బందరు కాలువ కట్టేశారు,
వంతెన కింద బురదలో చెప్పులు, పటాలు, ఒక కుర్చీ.
ఏడాదంతా అటే పోయే నీళ్ళకి కూడా సెలవుంది.

జూన్లో ఆండాళు టీచరుగారు లైనింగు గుడ్డ తెచ్చారు.
పుట్టింది ఇంగ్లీషుపాలెం అని ఆ రోజే తెలిసింది.
కళ్ళజోడు పైకి నెట్టి మా పేజీ చదివారు,
నా సుద్దముక్కతోనే దిద్దడం మొదలెట్టారు.
ఈ హోటలు మూసేశారు. ఈ లడ్డు కొట్టు కాదు, దాని ఎదురుది.
గోరీలకి పొద్దున్నే వెళ్ళండి, రాయి కాలుతుంది.
ఉప్పెన సంగతి ఎవర్నీ అడక్కండి,
వాళ్ళే చెబితే మటుకు మధ్యలో లేవకండి.

మెట్టు దిగబోతూ ఆగారు.
"కోనేరు సెంటర్లో బస్టాండు వైపు తిరిగి
ఒక్క నిమిషం నిలబడండి.
సముద్రం గాలి ఏ చెంపకి తగులుతుందో చూసి చెప్పండి.
రాత్రి పడుకుని అనుకుంటాను, కుడో ఎడమో
తేలడంలేదు."

మీరూ రండి టీచరుగారూ, అంది ఖాసింబీ.
ఆవిడ లైనింగు ఎంతవుతుందని అడిగారు.

కొలతల పుస్తకంలో ఆవిడ పేజీ తీసి
భుజం పద్నాలుగు, నడుము ముప్ఫై నాలుగు కింద
చెంప, అని రాసుకున్నాను. పక్కన ఖాళీ వదిలాను.

రేపు ఆదివారం. ఆర్డర్లు ఉన్నాయి, ఉండనీ.
నిమ్మకాయలు సంచిలో వేశాను.
షట్టరు సగం దించి
కండక్టరుకి చెప్పే మాట ఒకసారి పైకి అని చూసుకున్నాను:
"రెండు బందర్లివ్వండి."
గొంతు కొత్తగా ఉంది.
రోడ్డు మీద ఎవరో వెనక్కి తిరిగి చూశారు.