ఇతరములు

పేరు? అన్నాను.
మస్తాన్‌బీ, అంది పిల్ల.
పదో తరగతి మెమోలో మస్తాన్‌బీ,
ఆధార్‌లో మస్తానమ్మ,
ఇంటర్ హాల్‌టికెట్టులో ఆ రెండూ కాని ఇంకెవరో.
"కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టిందబ్బయా,
ఆ మస్తానయ్య ఎట్ట పిలిచినా పలుకుతాడు" అంది తల్లి.
కంప్యూటరు పలకదు కదమ్మా, అన్నాను.

జూన్ నెలంతా నా పని ఇదే.
ఉదయగిరి బస్టాండు ఎదురుగా రేకుల గది,
నెత్తిన ఎండ, కాళ్ళకాడ కూతపెట్టే ఇన్వర్టరు.
ఇంటరు పాసైన పిలకాయలందరూ
నా రెండు చూపుడువేళ్ళ గుండా డిగ్రీకి పోవాల.
ఫారానికి యాభై.
నేను మాత్రం రెండో సంవత్సరం కాడే దిగిపోయినోణ్ణి.
ఆ సంగతి ఎవరూ అడగరు, ఆ పెట్టె ఫారంలో లేదు.

పుట్టిన తేదీ. ఉపకులం. ఆదాయం.
తండ్రి వృత్తి కాడ బాణంగుర్తు నొక్కితే
పట్టీ కిందికి జారింది:
రైతు, కూలి, వ్యాపారం, ఉద్యోగం, ఇతరములు.
"చెంచాలు చెక్కేది లేదా?"
లేదమ్మా.
"సరిగ్గా చూడు, గరిటెలని ఉంటదేమో."
సంచిలో చెయ్యిపెట్టి ఒక స్పూను తీసి
కీబోర్డు పక్కన పెట్టింది, సాక్ష్యానికి పిలిచినట్టు.
నర్ది కొయ్య. కాడ మీద చేప పొలుసులు,
గోరంత చోట ఇరవై గీతలు
ఒకదాన్నొకటి తగలకుండా.
"కట్టె ఆయన తెస్తాడు, చెక్కేది నేను,
గరుకు కాయితం పట్టేది ఈ పిల్ల.
ముగ్గురి పనిని ఒక్కడి పేరు కింద ఎట్ట రాస్తావు?"
ఇతరములు నొక్కాను.
నొక్కక ఏం చేసేది.

తర్వాత కాలేజీలు.
మొదట ఉదయగిరి, ఆనక వింజమూరు, ఆత్మకూరు.
పొద్దున పోయి మాపటికి ఇల్లు చేరే బస్సుల లెక్క ఆమెది.
నెల్లూరు మహిళా కళాశాల, వృక్షశాస్త్రం
అన్నిటికన్నా అడుగున, పిల్ల మాట కాదనలేక.

ఓటీపీ తండ్రి ఫోనుకు పోయింది.
తండ్రి దుర్గం కొండమీద.
అక్కడ సిగ్నలు కూడా మేకలాంటిదే,
తనకు నచ్చిన బండమీదే నిలబడతది.
ఫోను చెవికి ఆనించుకొని తల్లి రోడ్డుమీదికి నడిచింది
ఉర్దూలో కొండను కేకేస్తా.
పది నిమిషాల గడువు తెరమీద కరుగుతా ఉంది.
అప్పుడు పిల్ల, నా వైపు చూడకుండా,
"అన్నా, కొండమీద నర్ది తగ్గిపోతా ఉంది.
మా నాన్న నాటినవి బతకలా.
ఎందుకు బతకలేదో నాకు తెలవాల."
నేనేమీ అనలా.
మౌసు ఆ పిల్ల వైపు జరిపినా, అంతే.

తల్లి వచ్చింది, అంకెలు రాలిపోకుండా నోట్లో పట్టుకొని,
"నాలుగు, సున్నా, తొమ్మిది, తొమ్మిది, ఒకటి, ఏడు."
కొట్టాను. తెర తెరుచుకుంది.
ఆమెకు ఏ అక్షరమూ రాదు.
అయినా చూసింది, గరిటె కాడ వంపు చూసే చూపుతో.
"ఆ పొడుగాటి వరస ఇందాక అడుగునుండె.
పైకెట్టొచ్చింది?"

ఫ్యాను తిరిగే చప్పుడు.
పిల్ల తన వేళ్ళ చివర్ల గరుకు చూసుకుంటోంది.
నా గొంతులో ఏదో అబద్ధం తయారవుతుండగానే
"హాస్టల్లో తలుపులకి గడియలు గట్టియేనా?" అంది.
గట్టియేనమ్మా, అన్నాను. నేను చూసింది లేదు.
"అయితే నొక్కు."

యాభై ఇచ్చింది. స్పూను కూడా తీసేసుకుంది.
"ఆర్డరుదబ్బయా, డజనులో ఒకటి తగ్గినా ఒప్పుకోరు."

పదకొండో టోకెన్ వచ్చి కూర్చున్నాడు.
తండ్రి వృత్తి అడగబోతా మీట నొక్కితే
కింద కరకరమంది, కొయ్యపొట్టు.
ఊదాను. పోలేదు.